గాజు తొట్టెలో కోరిడోరస్ జెల్లలు

ఇంట గాజు తొట్టెలో రంగుచేపలు పెంచువారు, అడుగున తిరుగునట్టి చిన్న జెల్లలను ఒకటి రెండు తెచ్చి వేయుట పరిపాటి. అవి మురికి తిని తొట్టెను శుభ్రపరచునని కొందరు దుకాణదారులు చెప్పుదురు. ఇది సరికాదు. మురికి వాటి ఆహారము కాదు. వేరుగా మేత వేయనిచో క్రమముగా చిక్కి చనిపోవును.

కోరిడోరస్ అనబడు ఈ జెల్లల స్వస్థలము దక్షిణ అమెరికా. పొలుసులకు మారుగా వీటి ప్రక్కలందు ఎముక పలకలు రెండు వరుసలుగా నుండును. మన యిండ్లకు కంచురంగు రకము అనుకూలము. మచ్చల రకమును డార్విన్ తన బీగిల్ ఓడ ప్రయాణములో సేకరించగా, జెనిన్స్ 1842లో వర్ణించెను. అది చల్లని నీటిని కోరును గనుక మన వేసవికి తాళుట కష్టము.

ఇవి గుంపుగా బ్రతుకు చేపలు. ఒంటిగానున్నచో బెదరి మూల నక్కును. 60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పుగల తొట్టెలో ఆరింటిని ఉంచవచ్చును. చిన్న చేపలను సైతము ఇవి బాధింపవు.

అన్నిటికన్న ముఖ్యము అడుగు. ఈ చేప మీసములతో ఇసుకను తడవి మేత వెదకికొనును. కావున బాగుగా కడిగిన సన్నని నది ఇసుకను రెండంగుళములకు మించకుండ పరువవలెను. ఇండ్ల కట్టుబడికి వచ్చు రాతిపొడి ఇసుక మొనలు తేలి యుండును గనుక పనికిరాదు. మొనలకు తోడు అడుగు కుళ్ళినచో మీసములు అరిగి, పుండ్లుపడి, చేప మేత వెదకలేదు. వారమునకొకమారు నాలుగవ వంతు నీరు మార్చుచు, రబ్బరు గొట్టముతో అడుగు మలినమును లాగివేయవలెను. కుళాయి నీటిలో క్లోరిన్ ఉన్నచో విరుగుడు మందు కలిపి పోయవలెను.

మునుగునట్టి మేత బిళ్ళలను దీపమార్పిన పిదప వేయుట మేలు. లేనిచో పైచేపలే తినివేయును. మురుగు కాలువలలో పట్టిన ఎర్రపురుగులు రోగములు తెచ్చును.

అప్పుడప్పుడు చేప రివ్వున పైకి వచ్చి గాలి మ్రింగి పోవుట చూచి భయపడనక్కరలేదు. మన కొరమీనువలె ఇదియు గాలి పీల్చగలదు; అయితే దీనికి ప్రేవే ఆ పని చేయును. మాటిమాటికి వచ్చుచున్నచో మాత్రము నీరు చెడినదని, లేక ప్రాణవాయువు తగ్గినదని గ్రహింపవలెను. నీరు 22 నుండి 26 డిగ్రీల సెంటిగ్రేడు ఉండుట మంచిది. మే నెలలో తొట్టెను ఎండ తగలని చోటికి మార్చి, గాలి పంపును రేయింబవళ్ళు నడుపవలెను.

పట్టునపుడు వలకంటె గిన్నె మేలు. రెక్కల ముండ్లు వలలో చిక్కుకొనును, చేతికిని గ్రుచ్చుకొనును.

కొంత చల్లని నీరు పోసిన మరునాడు ఆడచేప అద్దమునకు, ఆకులకు గ్రుడ్లు అంటించుట కలదు. పెద్దచేపలు వాటిని తినివేయును గనుక అద్దమునుండి మెల్లగా తీసి, అదే నీరు పోసిన వేరు పాత్రలో ఉంచవలెను. నాలుగైదు దినములలో పిల్లలు వెలువడును.