కేంద్రకద్వారమున రాన్

హిస్టోనుల వంటి మాంసకృత్తులు కేంద్రకము వెలుపల పుట్టి, ఇంపోర్టిన్ అను వాహకముతో పొరలోని రంధ్రముగుండ లోనికి పోవును. రంధ్రము రెండు దిశలకును దారియే. మరి బరువును లోపలనే దింపవలెనని వాహకమున కెట్లు తెలియును?

ఆ గుర్తు నిచ్చునది రాన్ అను చిన్న మాంసకృత్తు. ఇది లేనిదే ప్రవేశము జరుగదని 1993లో మూర్, బ్లోబెల్ అనువారు చూపిరి. దీనికి జి.టి.పి. అను అణువు అంటియున్నప్పుడొక రూపము, అది విరిగి జి.డి.పి. అయినప్పుడు వేరొక రూపము. జి.టి.పి.ని తగిలించు ఆర్.సి.సి.1 లోపల క్రోమాటిన్‌ను పట్టుకొని యుండును. విరుగగొట్టించు రాన్‌గాప్ వెలుపల నుండును. శక్తి బరువును త్రోయుటకు గాక, లోపల వెలుపల అను భేదమును నిలుపుటకే వ్యయమగుట మాకు మిక్కిలి వింతగా తోచును.

లోపల జి.టి.పి. గల రాన్ తగులగానే ఇంపోర్టిన్ బరువును విడుచును. రెండును కలిసి వెలుపలికి వచ్చును. అచట జి.టి.పి. విరుగగా రాన్ విడివడును; వాహకము మరియొక బరువు నెత్తుకొనును.