ఇంజను ఊపిరికి ఒక డబ్బా

మా ఐరాల పిల్లోడే, వరసకు మనవడు. బెంగళూరులో ఉద్యోగం. టర్బో కారు కొని, కాణిపాకంలో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, నేరుగా మా ఇంటికొచ్చి బానెట్ ఎత్తినాడు. "తాతా, దీనికి ఆయిల్ క్యాచ్ క్యాన్ పెట్టించుకోమంటా వుండారు అందరూ. పెట్టించేదా?"

పెట్టేదా వద్దా తర్వాత చూద్దాం నాయనా. ఆ డబ్బాలో పడేదేందో, అది యాడ నుంచి వస్తుందో ముందు చెప్తా, కూర్చో.

సిలిండరులో పెట్రోలు మండినప్పుడు నీ టర్బో ఇంజనులో పీడనం మన చుట్టూ వుండే గాలికి దాదాపు వంద రెట్లు పోతుంది. దాన్ని కిందికి జారనీకుండా పిస్టనుకు రింగులు వుంటాయి. రింగు తొడగాలంటే దానికి ఒక చోట సందు వుండాల్సిందే. వేడికి సాగినా కొనలు తగులుకోకుండా ఆ సందు మిల్లీమీటరులో మూడో వంతో నాలుగో వంతో వదుల్తారు. అంత పీడనానికి ఆ సందు చాలు. కొత్త ఇంజనైనా సరే, మండిన వాయువు కొంచెం కిందికి దిగిపోతుంది. దీన్నే బ్లో-బై అంటారు. కింద క్రాంకు ఆరువేల ఆర్‌పీఎం దగ్గర సెకనుకు నూరు చుట్లు తిరుగుతా ఆయిలును చిలకరిస్తా వుంటుంది. ఆ ఆయిలు తుంపర, కాలని పెట్రోలు, నీటావిరి అన్నీ కలిసిన పొగ బయటికి పోకపోతే సీళ్లు తన్నుకొని వచ్చేస్తాయి. అందుకే ఇంజనుకు బ్రీదర్ పెట్టినారు.

మన బావుల కాడ ఆయిలింజన్లు ఆడేటప్పుడు ఇదంతా పుస్తకం చదవకుండానే తెలిసేది. మెకానిక్కు వచ్చి, ఆయిలు పోసే మూత తీసి, అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. గాలి చేతిని తోసిందంటే, "రింగులు పోయినాయి, బోరుకొచ్చింది" అనేవాడు. ఆ పొగ చేలోకి పోతే పోనీ అని ఎవురూ పట్టించుకోలేదు.

కార్లలోనూ మొదట్లో అంతే. బ్రీదర్ గొట్టాన్ని రోడ్డు మీదికి వంచి వదిలేసేవాళ్లు. అమెరికాలో లాస్ ఏంజిలిస్ ఊరంతా కళ్లు మండించే మసక కమ్ముకుంటా వుంటే, కాల్‌టెక్‌లో హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త, కార్ల నుంచి వచ్చే హైడ్రోకార్బన్లూ నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎండలో చర్య జరిపి దాన్ని పుట్టిస్తా వుండాయని తేల్చినాడు. ఆ హైడ్రోకార్బన్లలో చెప్పుకోదగ్గ వాటా సైలెన్సరు నుంచి కాదు, ఈ బ్రీదర్ నుంచే. అందుకే 1961 మోడలు నుంచి కాలిఫోర్నియా కార్లలో ఆ పొగను తిరిగి ఇంజనుకే తాపడం మొదలైంది. అట్లా తాపే వాల్వునే పీసీవీ అంటారు. మన దేశంలో కూడా పెట్రోలు కారు క్రాంక్‌కేసు పొగను బయటికి వదలకూడదు.

ఊరికి మంచిదే. ఇంజనుకే కొంచెం ఇబ్బంది. పొగతో పాటు ఆయిలు తుంపర కూడా గాలి దారిలోకి పోతుంది గదా. పాత పద్ధతి ఎంపీఎఫ్ఐ ఇంజనులో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వు వెనక్కి చల్లుతుంది గాబట్టి వాల్వు ఎప్పటికప్పుడు కడుక్కుపోతుంది. టీఎస్ఐ, జీడీఐ లాంటివి వున్నాయే, వాటిలో పెట్రోలు నేరుగా సిలిండరులోకే కొడుతుంది. కడిగే దిక్కు లేక ఆయిలు వేడి వాల్వు మీద మాడి, పొర మీద పొర బొగ్గు కడుతుంది. ఏండ్లు గడిస్తే గాలి దారి ఇరుకై ఇంజను తడబడుతుంది. ఆ బొగ్గు రాలగొట్టడానికి అక్రోటు చిప్పల పొడిని గాలితో కొట్టించే పని ఒకటి పుట్టుకొచ్చింది. ఇంకోటి, ఆయిలు ఆక్టేన్‌ను తగ్గిస్తుంది. మొగిలి ఘాటులో నువ్వు యాక్సిలరేటర్ తొక్కి పట్టినప్పుడు నాకింగ్ మొదలవబోతే కంప్యూటరు స్పార్కును వెనక్కి జరుపుతుంది, ఆ మేరకు బలం తగ్గుతుంది.

ఫార్ములా వన్ వాళ్లది దీనికి తిరకాసు యవ్వారం. పెట్రోలు మీద హద్దు వుంది గాబట్టి మందులు కలిపిన ఆయిలును కావాలనే మండిస్తా వుండారని అనుమానం వచ్చి, రేసులకు నియమాలు పెట్టే ఎఫ్ఐఏ వాళ్లు 2017లో నూరు కిలోమీటర్లకు 0.9 లీటరు దాటకూడదన్నారు, 2018కి 0.6 చేసినారు.

సరే, డబ్బా చేసే పనేంది? ఎసటి మూత కింద ఆవిరి చుక్కలు కట్టినట్టు, పొగ ఈ చల్లటి డబ్బాలోకొచ్చి లోపలి జాలీకి తగిలి ఆయిలునూ నీళ్లనూ విడిచిపెడుతుంది. మిగిలిన గాలి ఇంజనుకు పోతుంది. జాలీ లేని డబ్బా వుత్త సీసా. తళతళ మెరుస్తుంది, పట్టేది తక్కువ. పని చేస్తుందని అమ్మేవాణ్ణి కాణిపాకంలో ప్రమాణం చెయ్యమంటే చానా మంది కోనేరు దాటరు.

టర్బో కారులో ఇంకో మెలిక వుంది, దీన్ని చానా మంది వదిలేస్తారు. నిదానంగా పోయేటప్పుడు మానిఫోల్డులో పీల్పుడు వుంటుంది, పొగ పీసీవీ వాల్వు గుండా అటు పోతుంది. తొక్కినప్పుడు టర్బో ఆ మానిఫోల్డునే పీడనంతో నింపుతుంది, వాల్వు మూసుకుంటుంది. అప్పుడు పొగ ఇంకో హోసు పట్టుకొని టర్బో ముందుకు చేరి, ఇంటర్‌కూలర్ లోపలంతా ఆయిలు పూస్తుంది. పొగ జాస్తిగా వచ్చేది తొక్కినప్పుడే. డబ్బాను మొదటి హోసుకు మాత్రమే తగిలించి బిల్లు తీసుకుంటే అసలు దారి తెరిచే వున్నట్టు.

రేసు ట్రాకు సంగతి వేరు. చెన్నై దారిలో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి ట్రాకు వుంది గదా. అట్లాంటి చోట మలుపుల్లో ఆయిలంతా ఒక పక్కకు ఎగజిమ్మి బ్రీదర్లోకి పడుతుంది. అది ట్రాకు మీద కారితే వెనక వచ్చేవాడు జారిపోతాడు. అందుకే ఎఫ్ఐఏ నియమాల్లో బ్రీదర్ బయటికి తెరిచిన బండికి 2000 సీసీ దాకా 2 లీటర్లు, ఆపైన 3 లీటర్లు పట్టే డబ్బా వుండాలని, లోపల ఎంతుందో బయటికి కనిపించాలని రాసుంది. ఆడ డబ్బా తప్పనిసరి. దాన్ని చూసి మన రోడ్డు మీద కూడా గాలి ఫిల్టరు తగిలించి పొగను బయటికి వదిలే డబ్బా పెట్టుకుంటే అది చట్టానికి విరుద్ధం, కారులోకి వాసన కూడా వస్తుంది. కంపెనీ ఇచ్చినదాన్ని మారిస్తే వారంటీ కాడ పేచీ వేరే.

నీకు నా మాట ఇది. నీది జీడీఐ గాబట్టి డబ్బా పిచ్చి పని కాదు, అట్లని తొందర కూడా లేదు. నీ అన్న ఎంపీఎఫ్ఐ కారుకైతే ఆ దుడ్డు దండగ. ముందు ఇంటర్‌కూలర్ హోసు ఒకటి విప్పించి చూడు. పల్చటి తడి వుంటే మామూలే. ఆయిలు మడుగు కట్టుంటే, లేదా సర్వీసుకూ సర్వీసుకూ మధ్య డిప్‌స్టిక్కు గీత దిగిపోతా వుంటే, డబ్బా కొనబాక. కంప్రెషన్ చూపించు, పీసీవీ వాల్వు మార్పించు. రింగుల జబ్బును డబ్బా దాచి పెడుతుందే గానీ నయం చెయ్యదు.

ఘాట్లు తొక్కి ఎక్కుతా, అప్పుడప్పుడూ ట్రాకుకు పోతా వుంటే పెట్టించుకో. మూసిన రకం, జాలీ వున్నది, రెండు హోసులకూ. వేడికి మెత్తబడి అంటుకుపోయే నాసి హోసు వద్దు, ఆయిలుకు తట్టుకునేది అడుగు. పొద్దున్నే ఐరాల నుంచి కాణిపాకం దాకా పోయొచ్చే చిన్న తిరుగుళ్లే జాస్తి అయితే ఇంజను సరిగా కాగదు, నీటావిరి లోపలే మిగులుతుంది. చలికాలంలో డబ్బాలో పడేది మజ్జిగ రంగు బురద. బయం లేదు, అది నీళ్లే ఎక్కువ. నెలకొకసారన్నా మర తిప్పి వంచు. నిండితే పట్టిందంతా ఒక్క గుక్కలో ఇంజనులోకే పోతుంది. ఆ బురదలో పెట్రోలూ ఆమ్లాలూ వుంటాయి, కాలవలో పోయబాక. సీసాలో పట్టి, పాత ఆయిలు తీసుకునే షెడ్డులో ఇచ్చేయి.