క్షేత్రస్థాయి మైక్రోకంట్రోలర్ పరికరాలకు బ్యాటరీ ఆసరా

నేల తేమను బట్టి డ్రిప్ వాల్వును తెరిచి మూసే చిన్న నియంత్రణ పరికరాలు ప్రయోగ క్షేత్రాలలో ఇటీవల విరివిగా కనిపిస్తున్నాయి. వీటిలో అధికభాగం అడాప్టరు ద్వారా సరఫరా అయ్యే 5 వోల్టులపైనే ఆధారపడి ఉంటాయి. కరెంటు పోగానే వాటి గడియారం ఆగిపోతుంది, తేమ నమోదులు తెగిపోతాయి. లాచింగ్ రకం సొలినాయిడ్ వాల్వు చివరి స్థితిలోనే నిలిచిపోతుంది కనుక, ఎత్తులో ఉన్న తొట్టి నుండి నీరు పారే చోట తెరిచి ఉన్న మడి రాత్రంతా తడుస్తూనే ఉంటుంది.

బ్యాటరీని జోడించుటకు అతి సులభమైన మార్గం రెండు షాట్కీ డయోడ్లు. ఒకటి అడాప్టరు నుండి, రెండవది బ్యాటరీ నుండి వచ్చి ఒకే బిందువు వద్ద కలుస్తాయి. ఎక్కువ వోల్టేజి ఉన్న వైపు నుండి ప్రవాహం సాగుతుంది. అడాప్టరు ఆగిన క్షణమే బ్యాటరీ భారం అందుకొనును. ఒక్కొక్క డయోడు వద్ద సుమారు 0.3 వోల్టు నష్టమగును. మూడు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లుల 3.6 వోల్టులలో ఇది పోగా మిగిలేది 3.3. ఏటీమెగా328పీ చిప్ 16 మెగాహెర్ట్జ్ వేగంతో నడవాలంటే సుమారు 3.8 వోల్టులు కావలెను. కావున వేగాన్ని 8 మెగాహెర్ట్జ్‌కు తగ్గించి, బ్రౌన్-అవుట్ పరిమితిని 2.7 వోల్టులకు అమర్చుకోవలసి ఉంటుంది.

అసలు చిక్కు కొలతలో ఉంది. సొంత రెగ్యులేటరు గల కెపాసిటివ్ తేమ సెన్సరు 2 వోల్టుల సంకేతాన్ని ఇస్తున్నదనుకొందాం. సరఫరా వోల్టేజినే ప్రమాణంగా తీసుకొనే 10 బిట్ల మార్పిడిలో ఇది అడాప్టరుపై, అనగా 4.7 వోల్టుల వద్ద, 435గా కనిపిస్తుంది. బ్యాటరీపై అదే సంకేతం 620గా నమోదవుతుంది. ఈ రకం సెన్సర్లలో అంకె పెరిగితే నేల పొడిగా ఉన్నట్లు లెక్క! తడిగా ఉన్న నేలకు మళ్ళీ నీరు వదలమని పరికరం ఆదేశించును. చిప్‌లోని 1.1 వోల్టుల అంతర్గత ప్రమాణంతో సరఫరా వోల్టేజిని ప్రతిసారీ కొలిచి అంకెను సవరించుట దీనికి పరిష్కారం. విద్యార్థుల ప్రాజెక్టులలో తరచుగా విస్మరించబడే అంశమిది.

బ్యాటరీ పరిమాణం ప్రోగ్రాముపై ఆధారపడుతుంది. నిరంతరం 25 మిల్లీ ఆంపియర్లు వాడే వలయానికి 15 గంటలకు 375 మిల్లీ ఆంపియర్-గంటలు అవసరం. పది నిమిషాలకొకసారి రెండు సెకన్లు మేల్కొని, తక్కిన కాలం 0.1 మిల్లీ ఆంపియరుతో నిద్రిస్తే మూడు కూడా పట్టవు. అయితే ఆర్డుయినో ఊనో బోర్డుపై చిప్ నిద్రించినా రెగ్యులేటరు, యూఎస్‌బీ చిప్, దీపం నిద్రించవు. విడి చిప్‌తో వలయం నిర్మించుకొనుటే మేలు.

డీఎస్3231 గడియారానికి ప్రత్యేకంగా నాణెపు సెల్ ఉంటుంది. చౌక మాడ్యూళ్ళలో దానిని ఛార్జి చేసే మార్గం కూడా ఉండవచ్చును. ఛార్జి కాని సీఆర్2032 పెట్టే ముందు ఆ మార్గంలోని డయోడును లేదా రెసిస్టరును తొలగించవలెను. లిథియం అయాన్ సెల్లును 45 డిగ్రీల సెల్సియస్ మించిన వేడిలో ఛార్జి చేయరాదు. మే నెల ఎండలో రేకు పెట్టె ఈ హద్దును తేలికగా దాటుతుంది.

అడాప్టరు వైపు, డయోడుకు ముందు, వోల్టేజిని ఒక ఇన్‌పుట్ పిన్నుకు చూపితే కరెంటు పోయిన సంగతి వెంటనే తెలుస్తుంది. అప్పుడు పరికరం వాల్వును మూసి, స్థితిని ఈఈప్రామ్‌లో వ్రాసుకొనవచ్చును. మూసే పల్సుకు కావలసిన శక్తి బ్యాటరీలో ఎల్లవేళలా నిల్వ ఉండాలి. ఆటో స్టార్టరు ఉన్న బోరు వద్ద మరొక జాగ్రత్త: కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరిగితే, మూసిన వాల్వులపై ఒత్తిడి పెరిగి గొట్టాలు పగలవచ్చును. స్టార్టరు కాయిల్ వలయంలో నియంత్రణ పరికరపు రిలే ఒకటి ఉంచి, వాల్వు తెరిచిన పిదపనే మోటారుకు అనుమతి లభించునట్లు చేయవలెను.