పెళ్లి వీడియోలు మోసిన తీగ

ఇరవై ఏళ్ల కిందట వీరులపాడు వైపు పెళ్లి వీడియో అంటే మినీ డీవీ క్యాసెట్టే. గంట క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే దాదాపు 13 గిగాబైట్లు అయ్యేది. తలంబ్రాలు, అప్పగింతలు, భోజనాలు అన్నీ తీస్తే క్యాసెట్లు పెరిగేవి, కంప్యూటర్లో చోటు చాలేది కాదు. బయటి హార్డ్‌డిస్కు పెట్టుకోవాల్సిందే. దాన్ని కంప్యూటర్‌కు కలిపే తీగ ఇన్నేళ్లలో చాలా మారింది.

1996 జనవరిలో యూఎస్‌బీ తొలి ప్రమాణం వెలువడింది. ఇంటెల్‌లో దానికోసం పనిచేసినవాళ్లలో ముఖ్యుడు వడోదరలో పుట్టిన అజయ్ భట్. ప్రింటర్‌కొకటి, మౌస్‌కొకటి అంటూ రకరకాల సాకెట్లతో జనం పడే అవస్థ తప్పించాలన్నది ఆలోచన. వేగం సెకనుకు 12 మెగాబిట్లు. మౌస్‌కు అది ఎక్కువే. 13 గిగాబైట్ల వీడియో కాపీ కావాలంటే మాత్రం రెండు గంటలు దాటేది. అప్పటికే 1995లో ప్రమాణంగా స్థిరపడ్డ ఫైర్‌వైర్ 400 మెగాబిట్లు మోసేది, డీవీ కెమెరాలూ దానికే తగిలేవి. 2000లో యూఎస్‌బీ 2.0 వచ్చి 480 అంది. అంకె పెద్దదే, కానీ డిస్కు పనిలో ఫైర్‌వైరే ముందుండేది. తర్వాత ఈసాటా అనే తీగ వచ్చింది. వేగం భేషుగ్గా ఉన్నా డిస్కుకు కరెంటు ఇవ్వలేకపోయింది, ఇళ్లలో నిలవలేదు.

2008 నవంబరులో వచ్చిన యూఎస్‌బీ 3.0తో పరిస్థితి మారింది. ప్లగ్గులోకి తొంగిచూస్తే ముందు వరసలో పాత నాలుగు రేకులు, లోపలగా కొత్తవి ఐదు కనిపిస్తాయి. పంపడానికి ఒక జత, తెచ్చుకోవడానికి ఇంకో జత, సెకనుకు 5 గిగాబిట్లు. ప్లగ్గును మరీ నెమ్మదిగా దూర్చితే పాత నాలుగు రేకులే ముందు తగిలి, కంప్యూటర్ దాన్ని యూఎస్‌బీ 2.0 అనుకునే అవకాశముంది. కాపీ నత్తనడక నడుస్తుంటే తీసి, ఒక్క ఊపున మళ్లీ పెట్టి చూడండి.

ఇంతకన్నా వేగం తీగకు అక్కర్లేదు, గిర్రున తిరిగే డిస్కు అయితే. చిన్న డిస్కు సెకనుకు సుమారు వంద మెగాబైట్లే ఇవ్వగలదు. సాగర్ ఎడమ కాలువ నిండుగా పారినా తూము ఎంతుందో చేలోకి వచ్చేది అన్ని నీళ్లే. 10 గిగాబిట్లని రాసిన కేబుల్‌కు డబ్బు పోయడం తిరిగే భాగాల్లేని ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లకే దండగ కాదు.

నా దృష్టిలో వేగం కన్నా నమ్మకమే ముఖ్యం. డిస్కు పాడైందని దిగులుపడేవాళ్లలో చాలామందికి అసలు చిక్కు కరెంటుతోనే. యూఎస్‌బీ 2.0 సాకెట్ 500 మిల్లీఆంపియర్లు, 3.0 అయితే 900 ఇస్తుంది. ఆగి ఉన్న డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో అంతకన్నా ఎక్కువ లాగుతుంది. అది అందకపోతే టిక్ టిక్‌మంటూ ఆగిపోతుంది. అప్పుడు సీపీయూ ముందువైపు సాకెట్ వదిలి, వెనక మదర్‌బోర్డుకు నేరుగా ఉన్న నీలిరంగు సాకెట్‌లో పెట్టాలి. కేబుల్ మీటరు దాటకూడదు. టైప్-సి అన్నంత మాత్రాన వేగం రాదు, ఫోన్ ఛార్జర్‌తో ఇచ్చే కేబుల్స్‌లో చాలావాటికి లోపల యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి.

పెద్ద డిస్కుకు వేరే అడాప్టర్ ఉంటుంది. దాన్ని గోడ సాకెట్‌కు పెట్టి, కంప్యూటర్‌ను మాత్రం యూపీఎస్‌కు పెడతారు చాలామంది. కరెంటు పోతే కంప్యూటర్ నిలబడుతుంది, రాస్తూ రాస్తూ డిస్కు ఆగిపోతుంది. రెండూ యూపీఎస్‌కే ఉండాలి.