వికలాంగ స్త్రీల ఉడుపులు

జంషెడ్‌పూరులోని అగ్రికో, టాటావారి వ్యవసాయ పనిముట్ల కర్మాగారము పేరు మోయుచున్న పేట. ఉక్కు పనులకై వచ్చిన తెలుగు కుటుంబములు ఆ నగరమున పెక్కు గలవు. అచ్చటనైనను, మరెచ్చటనైనను, పక్షవాతముచే ఒక చేయి పడిపోయిన స్త్రీకి నైటీయే నిత్యవస్త్రమగుచున్నది. పట్టుచీర కట్టుటకు ఇద్దరు సాయపడవలెను గనుక ఆమె పెండ్లిండ్లకు పోవుటయే మానుకొనును.

అట్లు మాననక్కరలేదు. ఆ చీరకే కుచ్చెళ్లు ముందుగా కుట్టి, నడుమునకు వెల్క్రో పట్టీ అమర్చినచో ఒంటిచేత ధరింపవచ్చును. అంచు అందము చెడదు. బాడీ హుక్కులు వీపున గాక ముందు ఉండవలెను. లోదుస్తులు ఇరుప్రక్కల విడివడునట్లు కుట్టించిన, లేచి నిలువకయే మార్చుకొనవచ్చును. తొడుగునపుడు చచ్చుబడిన చేయి మొదట, విప్పునపుడు చివర.

చక్రాల కుర్చీలో కూర్చుండువారి విషయమున మరింత శ్రద్ధ కావలెను. వెన్నుపాము దెబ్బతిన్నవారికి స్పర్శ తెలియకపోవచ్చును. పిరుదుల క్రింద లావుపాటి కుట్టుగాని, గుండీగాని, ముడిగాని ఒత్తుకొని పుండు పడును. అది మానుటకు నెలలు పట్టవచ్చును. కావున అచ్చట కుట్టు రాకుండ మెత్తని నూలుబట్ట వాడి, సల్వారు వెనుకభాగము ఎత్తుగా కత్తిరింపవలెను.

వికలాంగులకు అనువగు వస్తువుల తయారీని ప్రభుత్వములు ప్రోత్సహింపవలెనని 2016 నాటి హక్కుల చట్టము చెప్పుచున్నది. రవిక మాత్రము వీథి దర్జీ చేతిలోనిది. అతడు కొలతలు ఆమె కూర్చుండియుండగా తీయవలెను. రంగు ఏది కావలెనో ఆమెనే అడుగవలెను.