గడియ తీసే నమ్మకం

"దెబ్బలు తినే ఇల్లాలు పోలీసులకెందుకు చెప్పదు?" అని నేనూ అనుకునేవాణ్ణి. ఆస్ట్రేలియా ఆదివాసి తల్లుల సంగతి చదివాక ఆ మాట అనలేకపోతున్నాను. పోలీసులు వస్తే పిల్లలు తనకు దక్కరేమోనని ఆమె భయం. 1970 ప్రాంతం దాకా అక్కడి ప్రభుత్వాలు ఆదివాసి బిడ్డల్ని తల్లుల ఒడినుంచి వేరు చేశాయి మరి! 2008లో పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. భయం మాత్రం పోలేదు.

మధ్య ఆస్ట్రేలియా ఎడారిలో మూడు భాషల ఆదివాసి స్త్రీలు, భూమి హక్కుల చర్చల్లో తమ మాట కూడా వినబడాలని, 1980లో ఎన్.పి.వై. మహిళా మండలి పెట్టుకున్నారు. తరవాత ఈ బాధ్యతా నెత్తికెత్తుకున్నారు. మండలి పనిచేసే మేర మూడున్నర లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా అంత లేవు. తల్లీబిడ్డలను భద్రమైన చోటికి చేర్చడం, కోర్టులో తోడు నిలవడం వారి పని.

తలుపు తట్టే చెయ్యి తనవాళ్లదైతేనే గదా, ఆ తల్లి గడియ తీసేది!