రెండు కొలువుల కన్ను

రాజులకు చారులే కన్నులని మన నీతికారుల మాట. ఆ కన్నులను ఎక్కడ వెదకవలెనో కౌటిల్యుడు అర్థశాస్త్రంలో వివరంగానే చెప్పినాడు. బ్రతుకుతెరువు దెబ్బతిన్నను బుద్ధికి, మంచిపేరుకు లోటులేని సేద్యగానినో వర్తకునో చేరదీసి, అతని వృత్తిలోనే అతనిని నిలిపి వేగు నడిపించుకొమ్మన్నాడు. కట్టుకొన్న వేషం ఏనాటికైనా జారవచ్చును; నిజమైన వృత్తిని ఎవరు శంకింతురు?

అమెరికాలోని మెంఫిస్ నగరవాసి ఎర్నెస్ట్ విదర్స్ వృత్తి ఛాయాగ్రహణం. 1922లో పుట్టిన ఈ నల్లజాతీయుడు రెండవ ప్రపంచయుద్ధకాలంలో సైన్యంలో ఆ విద్య నేర్చినాడు. 1948లో నగరం నియమించిన కొద్దిమంది నల్లజాతి పోలీసులలో ఒకడైనాడు గాని, 1951లో ఆ కొలువు పోయినది. ఎనమండుగురు బిడ్డల తండ్రి. పెళ్ళిళ్ళు, చావులు, బీల్ వీధి సంగీతకారులు, ఏది దొరికితే అది పటం తీసి సంసారం ఈదినాడు. పౌరహక్కుల ఉద్యమం తలయెత్తినప్పుడు దానివెంట నడచినాడు. 1955లో మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే పదునాలుగేండ్ల బాలుని హత్యకేసు విచారణ జరిగినప్పుడు అక్కడ ఉన్నాడు. 1956 డిసెంబరు 21న మాంట్‌గొమరీ బస్సులలో వర్ణభేదం తొలగినప్పుడు, బస్సులో కూర్చున్న మార్టిన్ లూథర్ కింగ్ పటం తీసినవాడతడే.

అన్నిటికంటె లోకప్రసిద్ధమైనది 1968 నాటి పటం. ఆ ఫిబ్రవరిలో మెంఫిస్‌లో ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు చెత్తబండి యంత్రంలో నలిగి మరణించినారు. 1,300 మంది పని మానినారు. మార్చి 28న వారు ఊరేగింపునకు బారులుతీరినారు. ఒక్కొక్కని రొమ్ముమీద ఒక్కొక్క పలక, ప్రతి పలకమీద "నేను మనిషిని" అన్న ఒకే వాక్యం. ఆ పలకలు గోడ కట్టినట్లుంటాయి. ఆ వాక్యం ఇన్నేండ్లు నిలిచినదంటే ఆ పటం చలువయే.

విదర్స్ 2007లో మరణించినాడు. 2010లో మెంఫిస్ దినపత్రిక కమర్షియల్ అప్పీల్ ఒక సంగతి బయటపెట్టినది. ఈ ఆప్తుడు ఎఫ్.బి.ఐ. అనే కేంద్ర నేరపరిశోధక శాఖకు డబ్బు పుచ్చుకొని వార్తలు చేరవేసినాడు! పాత దస్త్రాలను పత్రికకు ఇచ్చేటప్పుడు అధికారులు గుట్టు తెలిపే చోట్లన్నీ కప్పివేసినారు గాని, ఒకచోట అతని గుప్తసంఖ్యను కప్పడం మరచినారు. అతడిచ్చినవి సమావేశాల పటాలు, మనుషుల పేర్లు, వారి వివరాలు. మెంఫిస్‌లో ఇన్వేడర్స్ అనే తీవ్రభావాల యువకసంఘంపై అతని వేగు విశేషంగా సాగినది.

కింగ్ అనుచరుడు ఆండ్రూ యంగ్ దీనిని తేలికగానే తీసుకొన్నాడు. విదర్స్ నాలుగు డబ్బులు సంపాదించుకొన్నందుకు కింగ్ ఏమీ అనుకొనడన్న ధోరణిలో మాట్లాడినాడు. డిక్ గ్రెగరీ మాత్రం అతనిని జూడాస్ అన్నాడు. యంగ్ ఔదార్యం గొప్పదే. కాని అది పేరున్న నాయకులకు చెల్లును. పేరులేని యువకుల తరఫున క్షమించే అధికారం ఆయనకెక్కడిది? ఎఫ్.బి.ఐ. వార్తలు కోరినది తెలుసుకొనుటకు మాత్రమే కాదు. 1956 నుండి 1971 వరకు కోయింటెల్‌ప్రో పేర అది నడిపిన గుప్తకార్యక్రమాన్ని సెనేట్ సభ్యుడు చర్చ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1976లో వెల్లడించినది. ఆకాశరామన్న ఉత్తరాలు, సంఘాల నడుమ కలహాలు పెట్టడం, గిట్టనివారి ఉద్యోగాలు ఊడగొట్టించడం అందులోని పనులు.

అంతటితోనూ ఆగలేదు. షికాగోలో బ్లాక్ పాంథర్ పార్టీలో రక్షణాధికారిగా చేరిన విలియం ఓనీల్, ఎఫ్.బి.ఐ.కి ఒక ఇంటి నక్షా గీసి ఇచ్చినాడు. 1969 డిసెంబరు 4 తెల్లవారుజామున పోలీసులు ఆ ఇంటిపై పడినారు. ఇరువదియొక్కేండ్ల ఫ్రెడ్ హాంప్టన్, అతని సహచరుడు మార్క్ క్లార్క్ తుపాకిగుండ్లకు బలియైనారు. ఓనీల్‌కు 300 డాలర్ల బహుమానం ముట్టినది.

విదర్స్ గీసినది నక్షా కాదు. అతనిని ఓనీల్ సరసన కూర్చోబెట్టడం అన్యాయమే. బ్రతికియున్నప్పుడు అతడొకమారు ఎఫ్.బి.ఐ. వారు తన భుజం మీదుగా తొంగిచూచేవారని ఒప్పుకొన్నాడు. పెద్ద రహస్యాలు తెలుసుకొనే ప్రయత్నం మాత్రం తాను చేయలేదన్నాడు. నిజమే కావచ్చును. సభకు ఎవరు వచ్చినారు, ఎవరి పక్కన ఎవరు నిలిచినారు అన్నది రహస్యం కాదుగదా. అదంతా పటంలోనే ఉన్నది.